ఉర్దూలో నా వయసు

నాకు రెండు భాషలు వచ్చు. ఈ మాట అన్నప్పుడల్లా నాకు నవ్వాగదు. వచ్చుననుకుని నేను చేసిన నిర్వాకం అలాంటిది మరి!

ఉదయగిరిలో మా పెరటి గోడకు అవతల చెంచాలు చెక్కే సాయిబుల ఇల్లు ఉండేది. కొడుకులిద్దరూ కొండ మీది కర్ర తెచ్చి గరిటెలూ చెంచాలూ చెక్కుతుంటే, వాళ్ల తల్లి కింద కూర్చుని వాటిని ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసేది. వీధంతా ఆమెను దాదీ అనేది, అంటే నాయనమ్మ అని. మా అమ్మ పొద్దున్నే చేనికి పోతూ నన్ను ఆ గోడ మీదుగా దాదీ చేతికి అందించేది, సాయంత్రం అదే గోడ మీదుగా తీసుకునేది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మాట నా నోట్లో ఉంది. చీమ కుడితే గోడకు ఇటు "అమ్మా" అని ఏడ్చేదాన్ని, అటు "హాయ్ అల్లా" అని ఏడ్చేదాన్ని.

ఆ ఇంట్లో పిల్లలు లేరు. కొడుకులకింకా పెళ్లిళ్లు కాలేదు, పనిలో కూర్చుంటే ఇద్దరూ నోరు విప్పరు. కాబట్టి నాకొచ్చిన ఉర్దూ అంతా దాదీదే. మోకాళ్ల నొప్పుల గురించి ఎలా మూలగాలో, కాలం చెడిపోయిందని ఎలా నిట్టూర్చాలో నాకు క్షుణ్ణంగా తెలుసు. ఎవరైనా వచ్చి సలాం చేస్తే ఆమె వాళ్ల రెండు చెంపలూ నిమిరి, ఆ చేతులు తన కణతలకు ఆనించుకుని పటపటా మెటికలు విరిచేది. అది దిష్టి తీయడం. నేనూ పక్కన కూర్చుని అచ్చం అలాగే చేసేదాన్ని. వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. నా ఉర్దూ బాగుండి నవ్వుతున్నారనుకునేదాన్ని, పిచ్చి మొద్దును!

మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం వచ్చిన కొత్తలో టీచరు ట్రైనింగు ముగించుకుని ఇంటికొచ్చాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. మూడు బడులకు పోతే మూడు చోట్లా ఖాళీ లేదన్నారు. నాయన తేల్చి చెప్పేశాడు.

"ఈ వేసవి లోపల వుద్యోగమొస్తే సరే. రాకపోతే మీ మామకు మాటిచ్చినాను, సీతారామపురం పోవాల్సిందే."

సీతారామపురంలో మా మేనమామ కొడుకు ఉన్నాడు. బావ మంచివాడే, వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే గొర్రెలను అదిలించే గొంతుతోనే మనుషులనూ పలకరిస్తాడు. ఆ గొంతు వింటూ జన్మంతా గడపాలంటే నాకు అన్నం సయించేది కాదు.

అంతలో ఆత్మకూరు నుంచి కబురొచ్చింది. అక్కడ ముస్లిం ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పడానికి మనిషి కావాలట. అంతకుముందు ఇద్దరు టీచర్లు పిల్లల మాట అర్థంగాక వదిలేసి పోయారట. నేను ఎగిరి గంతేశాను. ఉర్దూ వచ్చిన తెలుగు టీచరు జిల్లా మొత్తంలో నేను కాక ఇంకెవరున్నారు? అబ్బో, ఆ పొగరు చూడాలి!

నాయన నన్ను బస్సులో వెంటబెట్టుకుని వెళ్లాడు. బడి గేటు దాటి మగవాళ్లు లోపలికి రాకూడదు. ఆయన ఎదురింటి అరుగు మీద గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, నేను దర్జాగా లోపలికి నడిచాను.

పెద్ద టీచరమ్మకు యాభై ఏళ్లుంటాయి. గంజి పెట్టిన తెల్లచీర, కళ్లద్దాలు, అటొకరు ఇటొకరు ఇంకో ఇద్దరు టీచర్లు. ఆమె ఉర్దూలో అడగడం మొదలుపెట్టింది. నేను తడుముకోకుండా జవాబులు చెబుతూ పోయాను. పక్కనున్న టీచరు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆశ్చర్యపోతున్నదిలే అనుకుని నేను ఇంకా రెచ్చిపోయాను.

"ఇంటికి దూరంగా ఉండగలవా?" అని అడిగింది పెద్ద టీచరమ్మ.

ఎక్కడికైనా రమ్మంటే దాదీ చెప్పే జవాబు నా నాలుక చివరే ఉంది. "ఇంకెన్నాళ్లు బతుకుతానమ్మా? ఉన్న నాలుగు రోజులూ ఎక్కడైతే ఏం?" అని ఒక నిట్టూర్పు కూడా విడిచాను.

రెండో టీచరు కూడా పమిట అడ్డం పెట్టుకుంది. పెద్ద టీచరమ్మ మాత్రం నుదురు నొక్కుకుంటూ, మూడు రోజులుగా జ్వరం, తల పగిలిపోతున్నదని ఆమెతో మెల్లగా అంది. ఆ మాట నా చెవిన పడాలా! ఎవరికి ఒళ్లు బాగాలేదన్నా దాదీ ఏం చేస్తుందో నా చేతులకు తెలుసు. ఆ చేతులు నన్నడగలేదు. "అరే మేరీ బచ్చీ!" అని, అంటే అయ్యో నా చిట్టి పాపా అని, లేచి వెళ్లి, ఆవిడ చెంపలు రెండూ నిమిరి, నా కణతల దగ్గర పటపటా మెటికలు విరిచేశాను. అంతటితో ఆగానా? నూరేళ్లు బతుకు చిట్టితల్లీ, పాలల్లో జలకాలాడు, కడుపు నిండా కొడుకులను కను అని నిండుగా దీవించాను. ఆవిడకు అప్పటికే మనవలు!

పమిట అడ్డం పెట్టుకున్న టీచర్లలో ఒకామె కుర్చీలోంచి జారి నేల మీద కూలబడి నవ్వింది. కిటికీల నిండా పిల్లల తలకాయలు, ఒకటే కేరింతలు. నా చేతులు ఇంకా కణతల మీదే ఉన్నాయి. అయిపోయింది, ఇక సీతారామపురమే అనుకున్నాను.

పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు తీసేసింది. ఆవిడ భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, ఎవరు నేర్పారని అడిగింది. దాదీ సంగతి చెప్పాను.

"మా అమ్మ పోయాక నన్ను బచ్చీ అన్నవాళ్లు లేరు," అంది ఆవిడ. "సోమవారం నుంచి రా. నువ్వు తెలుగు నేర్పే లోపల, మా పిల్లల దగ్గర కాస్త చిన్నదానివి కావడం నేర్చుకో."

నేర్చుకున్నాను కూడా. గచ్చకాయల కోసం కొట్లాడటం, పేర్లు పెట్టి ఏడిపించడం, కడుపునొప్పని అబద్ధమాడి బడి ఎగ్గొట్టడం, ఇవన్నీ ఉర్దూలో ఎలా చేస్తారో ఆ పిల్లలే నాకు చెప్పారు. దాదీ వయసు నుంచి దిగి దిగి నా అసలు వయసుకు రావడానికి మూడేళ్లు పట్టింది. రెండు భాషలు వచ్చునని నేను చెప్పుకునేది అప్పటినుంచే. ఒక భాషలో మన ఈడుకు తగిన తెలివితక్కువ పనులు చేయగలిగితేనే అది మనకు వచ్చినట్టు.

ఆ రోజు మాత్రం నేను గేటు దాటి ఒక్క పరుగు తీశాను. నవ్వో ఏడుపో తెలియడం లేదు, చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. లోపలి నవ్వులన్నీ విని నాయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని గడగడా జరిగినదంతా చెప్పేశాను. ఆయన మొహం అంతకంతకూ చిన్నబోయింది.

"ఏడవబాక మే," అన్నాడు. "నలుగురూ చేరి నా బిడ్డను చూసి నవ్వుతారా? ఈ వుద్యోగం పోతే పోనీ."

అప్పుడు తెలిసింది నాకు, ఉర్దూ ముక్క రాని నాయనకు చెప్పిందంతా ఉర్దూలో చెప్పానని! ఉద్యోగం వచ్చింది నాయనా అందామని నోరు తెరిచాను. కానీ ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు.

"సీతారామపురం గూడా పోబల్లేదు. నీకు ఇష్టం లేదని నాకు తెలవదా ఏంది? మీ మామకు నేను చెప్పుకుంటాలే."

ఆయన ఆ మాట పూర్తిగా అనేదాకా ఆగి, అప్పుడు తెలుగులో చెప్పాను.