పిల్ల ముందు, తల్లి తర్వాత

మా గ్లెన్ కార్వీ లోయలో ఇవాండర్ మాథిసన్‌ని తిట్టనివాడు లేడు, అతనితో పని పడనివాడూ లేడు. పేకాటలో దొంగాట ఆడతాడు. చర్చిలో అతను కీర్తన ఎత్తుకుంటే పాస్టరుగారే పుస్తకంలో తల దాచుకుంటాడు. కానీ మంచులో గొర్రె తప్పిపోయినా, కొండెక్కిన యాత్రికుడు దిగిరాకపోయినా అందరూ పరిగెత్తేది అతని ఇంటికే. ఈ కొండలన్నీ ఒక ఎస్టేట్‌వి, అతను ఆ ఎస్టేట్ వేటగాడు. తాత చేసిన పని, నాన్న చేసిన పని. ఆకురాలే కాలంలో పట్నం దొరలను బురదలో పొట్ట మీద పాకించి వాళ్ళు కాల్చుకోవడానికి మగ దుప్పుల ముందుకు తీసుకెళ్తాడు. దొరలు వెళ్ళిపోయాక, మంద మరీ పెరిగి మేత చాలక చావకుండా ఆడ దుప్పులను తనే కాల్చి తగ్గిస్తాడు. ఆ పనితోపాటు ఎస్టేట్ వాళ్ళు ఒక ఇల్లు ఇచ్చారు. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు.

నేను లాఖీని, ఈ లోయలో ఉత్తరాలు పంచేవాణ్ణి. ఇవాండర్, నేను ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. అంటే నేను చదివాను, వాడు నా పుస్తకంలోకి చూసి రాశాడు. నేను తుపాకీ ఎప్పుడూ ముట్టలేదు గానీ వాళ్ళింట్లో దుప్పి మాంసం వండిన రోజున నా వ్యాన్ ఎందుకో అక్కడే ఆగేది.

వండేది అతని భార్య ఎఫీ. ఆమె హోటల్లో వంటమనిషిగా ఉండగా పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికే ఇద్దరికీ వయసు మళ్ళింది, పిల్లలు కలగలేదు. రెండేళ్ళ కిందట ఆమెకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆస్పత్రి నడవాలో నడిపించబోతే పడింది, మళ్ళీ నడిపించబోతే మళ్ళీ పడింది. ఇంటికి తెచ్చాక మాత్రం ఎడమచేత్తో గోడ పట్టుకుని, మంచం దగ్గర నుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గర నుంచి గుమ్మం దాకా తనే నడిచింది. ఆ గోడలో ఏ రాయి ఎక్కడ ఉబ్బి ఉందో ఆమె చేతికి తెలుసు. ఇంకో ఇంట్లో పెడితే ఆమె మంచానికే అంటుకుపోతుందని నర్సు మొహం మీదే చెప్పింది.

ఆ తర్వాత ఇవాండర్ కళ్ళు పోవడం మొదలైంది. నాకు తెలిసింది టీ వల్ల. నా కప్పు పక్కన బల్ల మీద శుభ్రంగా టీ పోసి, తాగరా అన్నాడు. సాయంత్రమైతే గానీ చుక్క ముట్టేవాడివి కాదు, ఇవాళ పగలే మొదలెట్టావా అని ఎకసెక్కం చేశాను. వాడు నవ్వలేదు. చూపు నడిమి భాగం చెరిగిపోతోందట, అంచులు మాత్రమే మిగిలాయట. మనిషి మొహం చూడాలంటే చెవి పక్కకి చూడాలి. డాక్టరు ఈ రకానికి మందు లేదని చెప్పేశాడు. ఎస్టేట్‌కి తెలిస్తే తుపాకీ లాక్కుంటారు, తుపాకీ పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే ఎఫీ పోతుంది. ఈ లెక్క మా ముగ్గురికీ తెలుసు. పైకి మాత్రం ఎవరం అనలేదు.

అప్పటినుంచి ఉత్తరాలు పంచేశాక నేను వాడి వెంట కొండెక్కుతున్నాను. దుర్భిణీ నాది, తుపాకీ వాడిది. ఎక్కడుందో నేను చెబుతాను, వాడు కొంచెం పక్కకి చూస్తూ కాలుస్తాడు. పెద్ద దుప్పి, మంచి వెలుతురు, దగ్గరి దూరం ఉంటే తగిలేది. అరచేతిని అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపాలని చూశాం ఇద్దరం.

ఈ నవంబరులో ఒక వారమంతా ఒక్క దుప్పీ పడలేదు. ఎస్టేట్ మేనేజరు క్రాస్బీ మాంసం వేలాడదీసే కొట్లోకి వచ్చి ఖాళీ కొక్కేలు చూశాడు. ఏం ఇవాండర్, వాటిమీద జాలి పుట్టిందా అని నవ్వి, తర్వాతి వారం తనూ కొండకి వస్తానన్నాడు. ఆ మనిషి నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. క్రాస్బీ వస్తే మా నాటకం మొదటి పూటే బయటపడుతుంది. కొక్కేలు నిండితే అతనికి రావలసిన పని ఉండదు. అందుకని ఆ సాయంత్రం ఎలాగైనా ఒకటి కొట్టాలి.

గాలి పడమటి నుంచి వస్తోంది. ఇవాండర్ ముందు నడిచాడు. కొండ మీద వాడికి కళ్ళతో పనిలేదు, ఏ ఊబి ఎంత లోతో, ఏ వాగు ఎక్కడ దాటాలో కాళ్ళే చెబుతాయి. పడుతూ లేస్తూ వెళ్ళింది నేనే. గుడ్డివాడికి తోడొచ్చి నువ్వు తడుముకుంటున్నావేంట్రా అని గొణిగాడు. అలా వాడు తన కళ్ళ మీద తనే జోకు వేసిన రోజు నాకు భయంగా ఉంటుంది.

గట్టు ఎక్కి పొదల్లో పడుకుని చూస్తే, ఎదురుగా మిట్ట మీద ఒక ఆడ దుప్పి మేస్తోంది. అప్పటికే వెలుతురు పలచబడింది. ఒకటే ఉందని చెవిలో చెప్పాను.

"పిల్ల ఉందా?" అన్నాడు.

అది ప్రతిసారీ అడిగే మాటే. మా లోయలో వేటగాడి కొడుక్కి నడక కన్నా ముందు నేర్పే కట్టుబాటు అది. పిల్ల ముందు, తల్లి తర్వాత. పిల్ల ఉంటే ముందు దాన్ని కాల్చాలి, ఉందో లేదో తేలకుండా తల్లిని కాల్చకూడదు. పాలు మరవని పిల్ల తల్లి లేకుండా చలికాలం దాటదు, మంచులో రోజుల తరబడి అరుస్తూ ఎండుకుపోతుంది. ఈ మాట మీరినందుకు ఇవాండర్ నాన్న ఒక దొరని కొండ మధ్యలో వదిలేసి దిగి వచ్చేశాడని చెప్పుకుంటారు.

పిల్ల కనబడలేదు. కానీ మిట్ట వెనక పల్లం ఉంది, అది నాకు ఆనడం లేదు. "పల్లం చూడాలి, ఆగు. అటు పాకి చూసొస్తాను" అన్నాను.

"గాలి మారుతోంది. మెడ మీద తగుల్తోంది. మన వాసన దానికి పోతుంది."

"ఆగరా అంటే."

"అంత నిగనిగలాడేది ఈ ఏడు ఈనలేదు. గొడ్డుదే."

నిగనిగ వాడికెలా కనబడింది? నేను నోరు తెరిచేలోపే కాల్చాడు. దుప్పి రెండడుగులు ముందుకి తూలి పడిపోయింది. ఇవాండర్ నా భుజం మీద గుద్ది, కొక్కేనికి ఒకటి దొరికిందిరా అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో సంతోషం చూశాను, నిజం చెప్పాలంటే నాకూ గుండె తేలికైంది.

దాని దగ్గరికి వెళ్ళి వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి పొట్ట కిందికి పోయింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేళ్ళతో నొక్కి, పైకి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకు చెప్పక్కర్లేదు, వేళ్ళ మీద పాలు నాకే కనబడుతున్నాయి.

వాడు ఏడవలేదు, తిట్టుకోలేదు. కత్తి తీసినవాడు మళ్ళీ ఒరలో పెట్టేశాడు. పొట్ట చీలిస్తే ఆ వాసనకి పిల్ల దగ్గరికి రాదు. తుపాకీ మోతకి పల్లంలోకి పారిపోయి ఉంటుందని, తల్లి లేచి రాకపోతే అదే వెతుక్కుంటూ వస్తుందని చెప్పి, నన్ను గాలికి దిగువన ఉన్న బండ వెనక్కి లాక్కెళ్ళాడు. అక్కడ తడి నేల మీద పడుకున్నాం. నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కొండ అంచు మీద మిగిలిన వెలుతురు చూస్తూ ఉంటే అది మా కళ్ళముందే కరిగిపోతోంది. రావే తల్లీ, చీకటి పడకముందే రావే అని మనసులో బతిమాలుకున్నాను. చావడానికి రమ్మని ఒక పసిదాన్ని బతిమాలుకోవడం నాకు అదే మొదలు.

వచ్చింది. పల్లంలోంచి తల ఎత్తింది, ఆగింది, గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచింది. తర్వాత నేరుగా తల్లి దగ్గరికి వచ్చి మూతితో పొట్టలో పొడవడం మొదలెట్టింది.

"వచ్చింది. తల్లి పక్కనే, పొట్ట దగ్గర" అన్నాను.

ఇవాండర్ తుపాకీ ఎత్తాడు. తల పక్కకి తిప్పాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గొట్టం ఎటు చూస్తోందో నాకు కనబడుతూనే ఉంది.

"అది తల్లిరా, పడుకున్నది. ఎడమకి."

గొట్టం ఎడమకి జరిగి ఒక రాయి మీద నిలిచింది.

"అది రాయి."

వాడి ఊపిరి గట్టిగా వినబడుతోంది. మళ్ళీ జరిపాడు. పిల్ల తల ఎత్తి మా వైపు చూసింది. నేను కుడి అన్నాను, కాదు కొంచెం పైకి అన్నాను. అలా చెప్పి ఎవరూ దేన్నీ కాల్చలేరని నాకు తెలుస్తోంది, అయినా చెబుతూనే ఉన్నాను. ఇవాండర్ వేలు బిగిస్తే ఆ దెబ్బకి దాని కాలు విరుగుతుంది, చీకట్లో కుంటుకుంటూ పోతుంది. అది తల్లి లేని బతుకుకన్నా ఘోరం. వాడికి అది నాకన్నా బాగా తెలుసు. వేలు తీసేశాడు.

"లాఖీ, నాకు తల్లే కనబడ్డం లేదురా" అన్నాడు. "నువ్వు తీసుకో."

నా వల్ల కాదన్నాను. జన్మలో పట్టలేదన్నాను. నువ్వు ఇష్టంగా తిన్న మాంసమంతా ఎవడో ఒకడు ఇలాగే కాల్చింది కదరా అని చాలా నెమ్మదిగా అన్నాడు. తుపాకీ నా చేతుల్లో పెట్టి, నా వీపు మీద చెయ్యి వేశాడు. ముందు కాలి వెనక చూడు, సగం ఊపిరి వదులు, ట్రిగ్గర్ లాగకు, పిండు. దొరల చెవుల్లో చెప్పే గొంతుతోనే చెప్పాడు.

నేను కాల్చాను. పిల్ల తల్లి మీదే పడింది.

వాంతి చేసుకున్నాను. సిగ్గులేదు చెప్పడానికి. ఇవాండర్ రెంటినీ తడుముకుంటూనే కోసి శుభ్రం చేశాడు. ఆ పనిలో వాడి చేతులు ఎక్కడా తడబడలేదు. తాళ్ళు కట్టి కింద ఆపిన బండి దాకా ఈడ్చుకొచ్చాం. దారిలో నేనే వాగుతూ వచ్చాను. ఇకమీదట నేనే కాలుస్తాను, రోజూ నేర్పు, క్రాస్బీ వచ్చిన రోజున నడుం నొప్పని పడుకో, ఎవరికీ తెలియదు అన్నాను. ఎఫీ పేరు కూడా ఎత్తాను. బండి ఎక్కాక వాడు నా వైపు తిరిగాడు.

"నువ్వు ఆగమన్నావు. నాకు వినబడింది" అన్నాడు. "చెవులు బాగానే ఉన్నాయిరా నాకు. ఇల్లు గుర్తొచ్చి కాల్చాను."

అంతే. నేను బండి ఇంటివైపు తిప్పాను.

ఎఫీ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. బండి చప్పుడు వింటే వస్తుంది, అది అలవాటు. మా బట్టల మీద రక్తం చూసి మొహం విప్పారింది.

"ఎన్ని?" అంది.

"రెండు" అన్నాడు ఇవాండర్.

"అబ్బో. ఇక క్రాస్బీ నోరు మూసుకుంటాడు. తల్లీ పిల్లానా?"

"ఊఁ. తల్లి ముందు."

ఆమె వేటగాడి ఇంట్లో ముసలిదైన మనిషి. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. పిల్లని ఎవరు కాల్చారని అడిగింది. వాడు నా వైపు చెయ్యి చూపించబోయి తలుపు వైపు చూపించాడు. ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుంది. నేను మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను, నేర్చుకుంటాను, ఒక్క చలికాలం గడిస్తే చాలు అని. ఎఫీ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"నువ్వు మంచోడివి లాఖీ, కాసేపు ఊరుకో" అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇంకోసారి నాకోసం అలా కాల్చకు. క్రాస్బీ ఇంకా భోజనానికి కూర్చుని ఉండడు. ఇప్పుడే ఫోను చేసెయ్."

గోడకున్న ఫోను మీద అంకెలు వాడికి కనబడవు. నంబరు నేనే నొక్కాను. నా వేలు రెండుసార్లు తప్పింది. అవతల మోగుతుండగా ఎఫీ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చుంది. ఇవాండర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, ఎదురుగా మేనేజరు నిలబడి ఉన్నట్టు.

"ఇవాండర్‌ని సార్" అన్నాడు. "ఇవాళ రెండు పడ్డాయి. తల్లిని ముందు కాల్చాను సార్, పిల్లని చూడలేదు. నాకు కళ్ళు కనబడ్డం లేదు. ఇల్లు ఎప్పటికి ఖాళీ చెయ్యమంటారో చెప్పండి."