బావ కారుకు నేను తెచ్చిన ఫిల్టరు

ఏ ఫ్యాక్టరీలో చేరితే ఆ సరుకు గురించి లోకంలో ఉన్నదంతా మనకు తెలుసని చుట్టాలు నమ్మే రోజులవి. అలా నమ్మేవాళ్ళు ఇప్పుడు లేరు, అదే నా దిగులు. తొంభైల్లో నేను బొల్లారంలో ఒక మందుల కంపెనీలో, ఫిల్టర్ సెక్షన్‌లో కొత్తగా చేరాను. (అక్కడ నా పనల్లా వడపోత గుడ్డకు అంటుకున్న పొడిని గీకి డ్రమ్ములో వేయడం. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) పటాన్‌చెరులో అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ పదేళ్ళు షిఫ్టులు చేసి మా ఇంటా వంటా లేని కారు కొన్నాడు, పాతదే. ఆదివారం దాన్ని జోగిపేటలో మా అమ్మకు చూపించాలని ఆయన ముచ్చట. శనివారం అక్క అంగడికి వెళ్ళినప్పుడు ఇంటి ముందే కారులో పాత ఆయిలు దించేశాడు. ఆయిలుతోపాటు మార్చాల్సిన ఫిల్టరు తాను తెస్తానని పక్కింటాయన లేవబోతే, బావ "మా బామ్మర్ది ఫిల్టర్ల డిపార్ట్‌మెంటే. ఆడు తెస్తడు" అన్నాడు. నా గురించి అంత గొప్పగా అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు.

దుకాణం సేటు, "పాతది తెచ్చినవా? నంబరేంది?" అన్నాడు. పాతది తేలేదు (చేతులకు మడ్డి అంటుతుందని). "నంబరెందుకు సేటూ, నేను ఫిల్టర్లల్లనే పనిచేస్త. ఇయి ఎన్ని మైక్రాన్లు?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గవన్నీ నాకెర్కలే. నువ్వే సూస్కో" అని నాలుగు డబ్బాలు ముందు పెట్టాడు. గుమ్మడికాయలు ఎంచినట్టు ఒక్కొక్కటీ చేత్తో తూచి, పొడుగ్గా, బరువుగా ఉన్నదాన్ని తీసుకున్నాను. ఇంటికొచ్చి నేనే బిగిస్తే మర చక్కగా పట్టింది.

మర్నాడు ముగ్గురం బయలుదేరితే, కంది ఊరి దగ్గర డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగింది. బావ ఠక్కున పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. దిగి చూస్తే వచ్చిన దారంతా కారిన ఆయిలు నల్లటి చార. ఇంజను పట్టేసి ఉంటే ఆయన పదేళ్ళ కష్టం ఆ రోడ్డు మీదే పోయేది. పిలుచుకొచ్చిన మెకానిక్ ఫిల్టరు విప్పి, "మర పడితే సాలదన్నా. ఈ రబ్బరు రింగు ఇంజను మీద సక్కగ కూసోవాలె. దీని కొలతే వేరు. ఎవలు తెచ్చిండ్రు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బావ, "నేనే తెచ్చిన" అన్నాడు. వేరే ఫిల్టరు బిగించి, ఆయిలు పోయించి కదిలాక, జోగిపేట దాకా అక్క ఆయన్ను వదల్లేదు. "మా తమ్మునికి చెప్తే మంచిది తెచ్చెటోడు గదా!" బావ అద్దంలో నా వైపు చూడనైనా లేదు. మళ్ళీ ఆయిలు మార్చే రోజు వచ్చినప్పుడు నన్నే పిలిచాడు. "ఈసారి పాతది పట్కపో" అన్నాడు, అంతే.

బావ పోయి రెండేళ్ళయింది. మొన్న పాత ముచ్చట్లలో అక్క, "మీ బావకు ఒక ఫిల్టరు తెచ్చుడు గూడ రాకపాయె" అని నవ్వింది. ఇక ఆగలేక, "అక్కా, అది తెచ్చింది నేనే" అన్నాను. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోయినాయన మీద ఎంత పాణమురా నీకు! ఆయన తప్పు నీ మీదేసుకుంటున్నవ్" అంది. ఒట్టు పెట్టినా నమ్మలేదు. నా మాట నిజమని చెప్పగలిగిన మనిషి బావ ఒక్కడే, ఆయనే లేడు. బావ మీద అంత బెంగ నాకు ఎప్పుడూ కలగలేదు. తల నెరిసిన వయసులో నా తప్పు నాదేనని ఒప్పించలేక, అక్క పోసిన చాయ్ తాగుతూ కూర్చున్నాను.