ఖాళీగా కనిపించిన ఆదివారం

మా ఊరి డౌన్‌టౌన్ అంటే ఒకే వీధి. అమెరికాలో క్యారీ అనే ఊరికి కాస్త అవతల, రైలు పట్టాల పక్కన, ఇటుక గోడల పాత దుకాణాలు రెండు వరసలు. ఒక హార్డ్‌వేర్ షాపు, ఒక మంగలి షాపు, ఒక కాఫీ షాపు, చివర్లో అమెరికన్ల పాత చర్చి. ఆ చర్చి వెనకాల టౌన్ వాళ్ళ, అంటే మునిసిపాలిటీ వాళ్ళ, పార్కింగ్ లాట్ ఉండేది. తారు పగిలిపోయి, గీతలు చెరిగిపోయి, చూడ్డానికి అందులో ఏమీ లేదు. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ఆ చర్చి హాలులో ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం ఆరాధన జరిగేది. అంతకుముందు మేము తిరగని చోటు లేదు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసులు, ఒకరి బేస్‌మెంటు, కొన్నాళ్ళు ఒక కరాటే స్కూలు. పాటల పుస్తకాలు, కీబోర్డు, డోలక్ ప్రతివారం మా కారు డిక్కీలో ఊరేగేవి. పిల్లలకు తెలుగు పాటలు నేర్పేది నా భార్య. కాబట్టి ఆ సామాను బాధ్యత ఆమెది, మోసే బాధ్యత నాది. ఈ చర్చివాళ్ళు హాలుతో పాటు ఒక అలమరా కూడా ఇచ్చి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ ఆమెకు ఆ హాలంటే ప్రాణం. నాకు డిక్కీ ఖాళీ అయినందుకు సంతోషం.

ఇంతలో టౌన్ వాళ్ళకు డౌన్‌టౌన్‌ను బాగుచెయ్యాలని బుద్ధి పుట్టింది. లాట్ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు, కింద దుకాణాలు, ముందు ఒక ఫౌంటెన్. వాళ్ళు వేయించిన బొమ్మల్లో అందరూ నడుస్తున్నారు. చేతిలో కాఫీ, పక్కన కుక్క. పాలు తేవడానికి కూడా కారు తియ్యాల్సిన ఊళ్ళో ఈ నడిచేవాళ్ళంతా ఎక్కణ్ణుంచి ఊడిపడతారో నాకు అర్థం కాలేదు. లాట్ పోతే మిగిలేది వీధిపక్క పార్కింగ్. అక్కడ రెండు గంటలకు మించి కారు ఉంచకూడదు. మాకు ఆరాధన, దాని తర్వాత ప్రేమవిందు, ఆ తర్వాత కార్ల దగ్గర నిలబడి వీడ్కోళ్ళు. రెండు గంటలయ్యేసరికి మా పాస్టరుగారు ప్రసంగం ముగింపుకు వస్తున్నానని మొదటిసారి చెప్తారు, అంతే. లాట్ పోతే మాకు హాలు కూడా పోయినట్టే.

అయితే ఇంకా ఏదీ ఖాయం కాలేదు. లాట్ వాడకం ఎంతుందో చూసి, అవసరమనిపిస్తే దగ్గర్లో ఇంకో పార్కింగ్ కట్టిస్తామని టౌన్ వాళ్ళు మాటిచ్చారు. ఫలానా ఆదివారం మధ్యాహ్నం లెక్క చూడటానికి మనిషి వస్తుందని చర్చి ఆఫీసు నుంచి మాకు ముందే కబురొచ్చింది. సరిగ్గా ఇక్కడే మావాళ్ళ బుర్ర పాదరసంలా పనిచేసింది.

మా సంఘపెద్ద ఒకాయన ఉన్నారు. ఫార్మా కంపెనీలో పని, నెమ్మదైన మనిషి. ఆరాధన అయ్యాక అందర్నీ కూర్చోబెట్టారు.

"మన కార్లతో లాట్ మొత్తం ఫుల్ అయిపోద్ది. ఈ ట్రాఫిక్ అంతా ఇండియన్స్ వల్లే అని రిపోర్ట్‌లో రాస్తే ఏంటి పరిస్థితి? రేపు చర్చివాళ్ళకి మాటొస్తుంది. ఆ ఒక్క ఆదివారం కార్లు వేరేచోట పార్క్ చేసుకుందాం. బయటివాళ్ళ ముందు మన సాక్ష్యం, మన మంచిపేరు పాడవకూడదు," అన్నారు.

అందరూ తలలూపారు. ఈ దేశంలో మేము బతికే తీరే అది. వీసా మీద ఉన్నన్నాళ్ళూ ఒద్దికగా ఉండటం అలవాటైపోతుంది, గ్రీన్‌కార్డు వచ్చాక కూడా ఆ అలవాటు పోదు. పక్కింటికి ఘాటు వెళ్తుందని కిటికీలు మూసి పోపు పెట్టుకునే జనం మేము.

నా భార్య ఒక్కతే అడ్డం తిరిగింది.

"అదేంటి అన్నయ్యగారూ, మనం వాడుతున్నామని వాళ్ళకి తెలియాలి కదా? కార్లు తీసేస్తే ఇక్కడికి ఎవరూ రావట్లేదనుకోరూ?"

"మన సంఘం ఉందని వాళ్ళకి తెలుసమ్మా. బయట బోర్డు మీద పేరుంది కదా. వాళ్ళని హడలగొట్టకుండా ఉంటే చాలు."

నేను ఎటూ మాట్లాడలేదు. మీటింగుల్లో మాట్లాడటానికి నాకు ఆఫీసువాళ్ళు జీతమిస్తారు, వారానికి అది చాలు.

పని ఒప్పజెప్పాలే గానీ మావాళ్ళను మించినవాళ్ళు లేరు. ఆ ఆదివారం హైవే పక్కనున్న షాపింగ్ సెంటర్‌లో కార్లన్నీ వదిలేశాం. నాలుగైదు మినీవ్యాన్లు అటూ ఇటూ తిరిగి, పెళ్ళివారిని విడిదికి చేర్చినట్టు అందర్నీ చర్చికి చేర్చి, మళ్ళీ షాపింగ్ సెంటర్‌కే వెళ్ళిపోయాయి. బిర్యానీ ట్రేలు కూడా అలాగే వచ్చాయి. లాట్ మూలన ఒకావిడ మడతకుర్చీ వేసుకుని, గొడుగు కింద కూర్చుని ఉంది. ఎండలో పాపం ఏమీ తినలేదేమోనని మా ఆడవాళ్ళు ఆమెకు ప్లేటు నిండా బిర్యానీ పట్టుకెళ్ళి ఇచ్చారు. మా ఖాళీ లాట్‌ను లెక్కపెట్టుకుంటూ ఆవిడ మా బిర్యానీ తిన్నది. ఈ చోటు ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకుంది కూడా. పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

తర్వాత టౌన్ హాల్లో ఒక సాయంత్రం మీటింగ్ పెట్టారు. మేము ముగ్గురం వెళ్ళాం, పెద్దాయన, నా భార్య, నేను. సూటు వేసుకున్న ఒకతను తెర మీద ఫోటో చూపించాడు. ఎండలో మెరుస్తున్న లాట్, మూలన రెండు కార్లు. ఆదివారం మధ్యాహ్నం పక్కనే చర్చి కార్యక్రమం నడుస్తుండగా కూడా ఇక్కడ కార్లు లేవు కాబట్టి, వేరే పార్కింగ్ కట్టాల్సిన అవసరం కనబడలేదన్నాడు. పెద్దాయన తల దించుకున్నారు.

జనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు నా భార్య మైకు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు లోపల హాలు నిండా మేమున్నామని, మీకు ఇబ్బంది కాకూడదని మా కార్లు మేమే దూరంగా పెట్టుకున్నామని, ఆ లాట్ లేకపోతే మాకు ఆ హాలు ఉండదని ఇంగ్లీషులో చెప్పింది. వేదిక మీద మధ్యలో కూర్చున్న టౌన్ పెద్దమనిషి శ్రద్ధగా విన్నాడు. మీలాంటి మంచి ఇరుగుపొరుగు ఉండటం ఈ ఊరి అదృష్టం అన్నాడు. కార్లు అంత సులువుగా వేరేచోట పెట్టుకోగలిగారంటే ఇక సమస్యే లేదు కదా అన్నాడు. వేదిక మీదివాళ్ళంతా సరేనని చేతులెత్తి ఓటేశారు, పని అయిపోయింది.

బయటికొచ్చాక పెద్దాయన, "నాదే పొరపాటమ్మా," అన్నారు.

"మీ ఒక్కరిదీ కాదులెండి," అంది నా భార్య. ఆ మాటలో ఓదార్పు పాలు తక్కువే.

హైవే పక్కన ఒక స్కూలు కెఫెటీరియా దొరికింది. ఎన్ని కార్లయినా పెట్టుకోవచ్చు. అలమరా మాత్రం ఇవ్వరు.

పాత హాలులో చివరి ఆదివారం, బయల్దేరేముందు నా భార్య రెండో కారు తాళం నా చేతికిచ్చింది.

"మీరు దాన్లో రండి."

"ఇద్దరం వెళ్ళేది ఒక్కచోటికేగా?"

"అయినా రండి."

వెళ్ళి చూద్దును కదా, ఇంటికి రెండేసి కార్లు. పాటల పిల్లల తల్లులందరికీ ముందే చెప్పేసినట్టుంది. లాట్ నిండింది, వీధి నిండింది, హార్డ్‌వేర్ షాపు ముందు కూడా నిండింది. పెద్దాయన కూడా తన సెవెన్ సీటర్‌లోంచి ఒక్కరే దిగారు. ఫోటో తీసేవాళ్ళు ఎవరూ లేరు. మరుసటి రోజు ఆ లాట్ చుట్టూ కంచె పడుతుంది.

ప్రేమవిందు మధ్యలో కాఫీ షాపు ఓనరమ్మ హాలు గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ మాతో ఒక్క మాట మాట్లాడిన గుర్తు లేదు. ఒక్క కారుకు కూడా చోటు లేదు, నా కస్టమర్లు చుట్టూ తిరిగి వెళ్ళిపోతున్నారు, ఇంకా ఎంతసేపుంటారు మీరంతా, అని గట్టిగా అడిగింది. ఏ మాట పడకూడదని ఇన్నేళ్ళు అంత జాగ్రత్తగా బతికామో ఆ మాట పడింది. నాకు కోపం రావాల్సింది, దుఃఖం వచ్చింది. మేము ఇక్కడున్నామని ఆ ఊళ్ళో ఒకరు చెప్పడం అదే మొదటిసారి.

"సాయంత్రం దాకా ఉంటాం," అంది నా భార్య. ఎప్పుడూ మాటకు ముందే వచ్చే సారీ ఈసారి ఆమె నోట రాలేదు.

పెద్దాయన అలవాటుకొద్దీ అప్పటికే లేచి, జేబులోంచి కారు తాళాలు తీశారు. నా భార్య ఆయన వైపు చూసింది. ఆయన తాళాలు మళ్ళీ జేబులో వేసుకుని కూర్చున్నారు.