అక్క పెండ్లి పీటలకు నేనేసిన వార్నీషు

ఆ రోజుల్ల నాకు తెల్వని పని దునియాల లేకుండె. (ఇప్పుడు గూడ లేదనుకోండ్రి, కాకుంటే చెప్పుకునుడు జర తగ్గించిన.) డిగ్రీ అయినంక వనపర్తిల మా పెద్దనాయిన వడ్లపని దుకాణంల చేరిన. ఆయన కట్టె సామాన్లు చేసుడు, నేను వార్నీషు కొట్టుడు. ఫోన్ల వీడియోలు చూసి నేర్చిన విద్య! గంతల్నే మా అక్క పెండ్లి కుదిరింది, శ్రావణంల ముహూర్తం. పెద్దనాయిన తన చేతితోని రెండు టేకు పీటలు చేసి, అంచులకు మామిడి పిందెలు చెక్కిండు. "బిడ్డా, వాన పట్టింది. ఒక పూత మంచిగ ఎండినంకనే ఇంకోటి వెయ్యి, పలచగ వెయ్యి" అన్నడు. "నీకెందుకు పెద్దనాయినా, అక్క మనుమల పెండ్లి దాంక మెరుస్తయి చూడు" అన్న. పలచగేస్తే అక్క మీద ప్రేమ తక్కువైనట్టు అనిపించింది నాకు. పూత మీద పూత చిక్కగ దట్టించిన. పైన వేలు పెట్టి చూస్తే ఎండినట్టే ఉండె. లోపలి సంగతి ఎవరికెరుక?

పెండ్లి వీపనగండ్ల ఊర్ల. పీటలకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇద్దర్ని కూసోబెట్టిన్రు. ఎవరడగకున్నా "వార్నీషు నేనే వేసిన" అని పందిరంత చెప్పుకుంట తిరిగిన. జీలకర్రబెల్లం మంచిగనే అయింది. ఇగ తాళి కట్టాలె, బావ లేసిండు. పీట గూడ లేసింది! కూసున్న బరువుకు పట్టుపంచ వార్నీషుకు గట్టిగ అంటుకుంది. గట్టిమేళం నడుమల్నే ఆగిపోయింది. ఒక చేతిల తాళి, ఇంకో చేతిల పంచ, బావ పరేషాన్.

బావ వాళ్లమ్మ మొఖం నల్లవడ్డది. "ఇదేం అపశకునమే! పొద్దుగాల్నించి కుడికన్ను అదురుతనే ఉంది" అన్నది. అక్క కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ మాట అత్తగారింట్ల జన్మంత అక్క మెడకే చుట్టుకుంటదని నాకెరుకే. ఉరికిపోయి పీటను ఎన్కనుంచి రెండు చేతులతోని ఎత్తి పట్టుకున్న. "అత్తమ్మా, అపశకునం ఎట్లయితది? మా ఇంటి పీట మీ కొడుకును ఇడుస్తలేదు. ఆయన గూడ మా అక్కను గిట్లనే పట్టుకోవాలె! కట్టు బావా, పీట నేను మోస్త!" అన్న. ఎవరో కిసుక్కుమన్నరు, ఎన్కనే పందిరంత నవ్వింది. ఆఖరికి అత్తమ్మ గూడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "దీని నోరు పాడుగాను!" అన్నది. నేను మోస్తుండంగనే మూడు ముళ్లు పడ్డయి. తర్వాత బావ అదే పీట మీద కూసొని తలంబ్రాలు పోసుకున్నడు. (లేసేది ఎట్లాగు లేదు గద!)

ఇప్పుడు ఆ దుకాణం నాదే. పూత ఎండేదాంక ఎవర్నీ వేలు పెట్టనియ్య. మొన్న అక్క ఇంటికి పోతే ఆ పీట కనవడ్డది. తలంబ్రాల గింజలు, పసుపు, బావ పంచ పోగులు వార్నీషుల ఇరుక్కొని అట్లనే ఉన్నయి. "ఇయ్యే అక్కా, గీకి కొత్తగ పాలిష్ పెట్టి తెస్త" అన్న. నా మాట పూర్తిగాలె, అత్తమ్మ వచ్చి దాని మీద కూసుంది.

"పెండ్లి ఫోటోలు ఎవరి ఫోన్ల ఉన్నయో తెల్వదు. మాకు మిగిలింది ఇదొక్కటే. దీని జోలికి రాకు."

"ఎండిందో లేదో చూసుకొని కూసో అత్తమ్మా" అన్న. ఆమె నవ్విందే గని లేవలె. ఇన్నేండ్లుగ పద్ధతిగ పూతలేస్తున్న గని, గంత గట్టి పని నాకు మల్ల చేతగాలె.