రెండో కయోటీ

అమెరికాలోని డకోటా గొర్రెల రైతుల్లో పని లేకుండా ఒకరి గడప ఒకరు తొక్కరు. అరువు తెచ్చుకున్న గొలుసో, దారి తప్పి వచ్చిన దూడో, ఏదో ఒకటి చేతిలో ఉండాలి. 'ఊరికే వచ్చాను' అన్న మాట అక్కడ ఎవరి నోటా వినబడదు. అలా అన్నవాడికి పంటైనా పోయుండాలి, మతైనా పోయుండాలని వాళ్ళ నమ్మకం.

రైన్‌హోల్డ్ షైబ్లీ అక్కడే పుట్టి అక్కడే అరవై ఎనిమిదేళ్ళు బతికాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆ ఏడు గోధుమలు ముందే కోతకొచ్చాయి" అనేవాడు. ఏ ఏడో చెప్పేవాడు కాదు. తల్లి పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. దానికీ గోధుమల ధర, గాలి వేగం తప్ప మరో ముచ్చట తెలియదు.

అయితే దేవుడు అతనికో విద్య ఇచ్చాడు. నాలుగు వందల గజాల అవతల నడిచే కయోటీని ఒక్క గుండుతో పడగొట్టేవాడు. కయోటీ నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనుతాయి, బొరియల్లో కయోటీలకూ అప్పుడే పిల్లలుంటాయి. అందుకని ఏప్రిల్ వస్తే రైన్‌హోల్డ్ ఇంట్లో ఫోను మోగేది. తక్కిన నెలల్లో అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కొట్టిన కయోటీని గేటు పక్కన కంచెకు వేలాడదీయాలి, కొట్టినవాడిని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ, తిండి పెట్టాలి. అది అక్కడి మర్యాద. ఆ మర్యాద కోసమే అతను ఏడాదంతా ఎదురుచూసేవాడని ఎవరికీ తెలియదు. తెలిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఆ ఏడు మొదటి ఫోను అల్వీనా కిస్లింగ్ చేసింది. ఆరు మైళ్ళ అవతలి ఇల్లు. ముందటి శరత్కాలంలో భర్త ఎమిల్ పోయాడు. రెండు వందల గొర్రెలతో ఒక్కతే నెట్టుకొస్తోంది.

"రైన్‌హోల్డ్, రెండు గొర్రెపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోయాయి. వస్తావా?"

"గాలి ఎటుంది?"

"నా మొహాన కొడుతోంది. వస్తావా రావా?"

మర్నాడు తెల్లవారేసరికి ఆమె బీడు పైనున్న గుట్ట మీద బోర్లా పడుకున్నాడు. రైఫిల్‌ను రెండు కాళ్ళ ఊత మీద నిలిపి, గాలి మొహానికి తగిలేలా సర్దుకున్నాడు. సగం దూరంలో ఎండుగడ్డి ఎటు వంగుతోందో చూశాడు. దూరం పోయేకొద్దీ గుండు గాలి మాట వింటుంది, కొట్టినవాడి మాట వినదు. జేబులోంచి ఊదే పీక తీసి, గాయపడ్డ కుందేలు ఏడ్చినట్టు ఊదాడు. కాసేపటికి మగది వచ్చింది. ఒక్క గుండుకే పడింది.

రైన్‌హోల్డ్ లేవలేదు. ఏప్రిల్‌లో కయోటీ ఒంటరిగా ఉండదని అతనికి తెలుసు. పావుగంటకు ఆడది వాగులోంచి పైకొచ్చి, పడున్న మగదాన్ని వాసన చూస్తూ అడ్డంగా నిలబడింది. మూడు వందల యాభై గజాలు. అప్పటికి గాలి పడిపోయింది. కొత్తగా తుపాకీ పట్టినవాడైనా తప్పని గురి.

కింద అల్వీనా పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది. ఇదీ పడితే ఇక్కడ పని అయిపోయినట్టే. ఇవాళ్టి కాఫీయే ఆ ఇంట్లో ఈ ఏటికి ఆఖరి కాఫీ. అతను ట్రిగ్గర్ మీది నుంచి వేలు తీసేశాడు.

"ఒక్కటేనా?" అంది అల్వీనా, కూకెన్ కోస్తూ. మీగడ పోసి కాల్చే ఆ తీపిరొట్టె ఆమె చేతిలో దూదిలా వస్తుంది.

"ఆడది కనబడలేదు. మళ్ళీ రావాలి."

"రా మరి. రావద్దన్నానా?"

మూడు వారాల్లో ఆరుసార్లు వచ్చాడు. వచ్చి గుట్ట మీద పడుకునేవాడు కూడా, కాకపోతే గాలిని వీపున పెట్టుకుని పడుకునేవాడు. మనిషి వాసన బీడంతా పరుచుకునేది. అలాంటి చోటికి ఏ కయోటీ వస్తుంది? కిందికి దిగి, "తెలివైంది, దొరకలేదు" అనేవాడు. రెండో వారంలో అల్వీనా అతన్ని కిటికీ పక్కన, ఎమిల్ కుర్చీలో కూర్చోమంది. పొయ్యి దగ్గర అట్టపెట్టెలో ఒక తల్లిలేని గొర్రెపిల్ల ఉండేది. దానికి సీసాతో పాలు పట్టే పని అతనిదే అయింది. అది తోక ఆడిస్తూ అతని వేలు కూడా చీకేది. బతుకులో అంత సుఖంగా ఎప్పుడూ లేడు. ఈలోగా బీడులో వారానికి రెండేసి పిల్లలు పోతూనే ఉన్నాయి. కంచే చేను మేస్తోంది.

దాణా కొట్టు నడిపే డెల్మర్ ఊరుకోలేదు. "ఏమయ్యా రైన్‌హోల్డ్, నాలుగొందల గజాల్లో కుందేలు చెవికి బెజ్జం పెట్టగలవని మా నాన్న చెప్పేవాడే! ఒక్క ఆడ కయోటీ నిన్ను మూడు వారాలు తిప్పుతోందా?"

"తెలివైంది."

"ఏది, కయోటీయా, కూకెనా?"

అందరూ పగలబడి నవ్వారు. రైన్‌హోల్డ్ చెవులు ఎర్రబడ్డాయి. దాణా తీసుకోకుండానే వచ్చేశాడు.

మే మొదట్లో ఫోను మోగింది. "సీసాపిల్లను నిన్ననే మందలో వదిలాను," అంది అల్వీనా. "పోయింది." రమ్మని కూడా అనకుండా పెట్టేసింది.

మర్నాడు అతను గాలి మొహానికి తగిలేలా పడుకున్నాడు. పావుగంటలో ఆడది వచ్చింది. ఒక్క గుండు చాలింది. దగ్గరికెళ్ళి చూస్తే పొదుగు నిండా పాలున్నాయి. బొరియలో పిల్లలు ఇక బతకవు. మొదటి రోజే కొట్టుంటే గొర్రెపిల్లలైనా మిగిలేవి. ఈడ్చుకొచ్చి కంచెకు వేలాడదీశాడు.

అల్వీనా పెద్ద ముక్క కోసి పెట్టింది. అట్టపెట్టె పొయ్యి దగ్గరే ఖాళీగా ఉంది. అతను పళ్ళెం పక్కకు జరిపాడు.

"అల్వీనా, మొదటి రోజే ఇది నా గురిలోకొచ్చింది. కొట్టలేదు."

"ఎందుకని?"

"కొడితే నువ్వు మళ్ళీ ఫోను చెయ్యవుగా."

ఆమె కత్తి బల్ల మీద పెట్టింది. "పడమటి గాలికి నువ్వు పడమరనే పడుకోవడం ఈ కిటికీలోంచి చూశాను. ముసలాడివైపోయావనుకున్నా. జాలిపడి ముక్క పెద్దది కోశా." ఆమె ఖాళీ అట్టపెట్టె వైపు చూసింది. "ఏడు గొర్రెపిల్లలు, రైన్‌హోల్డ్. నా ఇంటికి రావడానికి నీకు చచ్చిన గొర్రెపిల్ల కావాల్సొచ్చిందా? తలుపు కొడితే తియ్యనా?"

"ఏమని కొట్టను? పనేం లేదుగా."

ఆమె అతని ముందున్న పళ్ళెం తీసేసింది. "వెళ్ళు," అంది.

మరుసటి ఏప్రిల్‌లో ఫోను మోగింది. అందరూ చేశారు, అల్వీనా చెయ్యలేదు. ఆమె కాపలాకు పెద్ద తెల్లకుక్కను తెచ్చుకుందని దాణా కొట్లో విన్నాడు. ఎవరింట్లో ఎంత కాఫీ తాగినా అతనికి రుచి తెలియలేదు.

మేలో ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా అటు బండి తిప్పాడు. బండిలో తల వెనక రైఫిల్ పెట్టే కొయ్య మొదటిసారి ఖాళీగా ఉంది. ఎమిల్ గొలుసొకటి బండి వెనకే పడుంది, అరువు తెచ్చి ఎన్నేళ్ళయిందో. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

కుక్క గుండెలదిరేలా మొరుగుతూ ఎదురొచ్చింది. అల్వీనా వసారాలోకి వచ్చింది.

"ఏం పనిమీద వచ్చావ్?"

"పనేం లేదు అల్వీనా. ఊరికే వచ్చాను."

ఆమె కుక్కను వెనక్కి పిలవలేదు. లోపలికి వెళ్ళి తలుపూ వేసుకోలేదు. రైన్‌హోల్డ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, మెట్ల కింద అలాగే నిలబడ్డాడు.