ఇంకొక్క పత్రిక

డెబ్బైల చివర్లో నేను విశాఖలో జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నప్పుడు, హాస్టల్లో నా గదిలోనే ఒక సీనియర్ ఉండేవాడు. మధ్యయుగాల వైద్యగ్రంథాల్లోని జ్వరం మందులు పాత పత్రికల ప్రకటనల్లోకి ఎలా వచ్చాయన్నది ఆయన పరిశోధన. పాత ఊళ్లో ఎవరింట్లో పత్రికల కట్ట ఉందన్నా వెళ్లి, పేజీని ముక్కుకి ఆనించుకుని చదివేవాడు. రాయడం ఎప్పుడు మొదలెడతావని అడిగితే, "ఇంకొక్కటి సూసి రాత్తాను బావా" అనేవాడు.

కొన్నేళ్లకు ఆయనకు చూపు పూర్తిగా పోయింది. కంచరపాలెంలో వాళ్లక్క ఇంట్లో ఉన్నాడని తెలిసి, తెల్లకాగితాలు పట్టుకుని వెళ్లాను.

"నువ్వు సెప్పు బావా, నాను రాత్తాను" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. నిటారుగా కూర్చుని, పుస్తకం చదువుతున్నట్టే చెప్పుకుపోయాడు. వాళ్లక్క వంట ఆపి గుమ్మంలో నిలబడి విన్నది. రెండో పేజీ సగంలో ఆయన ఆగిపోయాడు.

"ఈ మాట ఏ పత్రికలో సూసేనో గుర్తు రాటం నేదు."

"తర్వాత ఎతుకుదాం. ముందు కానీ."

"ఎవులు ఎతుకుతారు బావా? రుజువు నేని మాట నా పేరు మీద వద్దు."

"పోన్లేరా, సెప్పు" అంది అక్క బతిమాలుతూ. ఆయన తల అడ్డంగా ఊపాడు.

పొద్దువాలేదాకా కూర్చున్నాను. అన్నేళ్ల చదువులో కాగితం మీదికి వచ్చింది ఆ పేజీన్నరే.