అడ్డంగా సంతకం పెట్టిన కవరు

కాటాలాయన ఎవర్నీ నమ్మడు. ఆ మాట ఆయన మొహం మీదే అనొచ్చు, కోపం తెచ్చుకోడు. పైగా "నమ్ముతూ కూర్చుంటే నాకు పనేముంటుందండీ?" అంటాడు. కొట్లలో, గోదాముల్లో, మందుల షాపుల్లో పాడైన కాటాలు బాగుచెయ్యడం ఆయన వృత్తి. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన చూసిన ప్రతి కాటా ఎంతో కొంత అబద్ధం చెప్పింది. కొన్ని ముసలితనం వల్ల, కొన్ని దుమ్ము వల్ల, కొన్ని యజమాని మంచితనం వల్ల. ఆ చివరి రకం గురించి చెప్పేటప్పుడు మాత్రం మీసాల చాటున నవ్వేవాడు.

ఆ అలవాటు బజార్లోనే వదిలేసి ఇంటికొస్తే బావుండేది. చల్లనీళ్ళు కూడా ఊదుకుని తాగే రకం కదా, ఇంట్లోనూ అంతే. కూరగాయలు తెచ్చి మళ్ళీ తూచేవాడు. డాక్టరు దగ్గర బరువు చూసే మిషనెక్కి దిగి, వంగి దాని అడుగు చూసేవాడు. పక్కింటివాళ్ళు కాస్త నవ్వుతూ పలకరిస్తే వీళ్ళకేదో కావాలని రెండు రోజులు ఆలోచించేవాడు. ఆయన భార్య ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. "నన్ను చేసుకునే ముందు ఎన్నిసార్లు తూచుకున్నారో, అడగడానికి ఇప్పటికీ భయమే" అనేది కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళతో. ఆయన వింటూనే ఉండేవాడు, కాదనేవాడు కాదు.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు. చదువులో చురుకు, అందులోనూ భౌతికశాస్త్రమంటే ప్రాణం. రాత్రంతా రైల్లో కూర్చుంటే వచ్చే ఊళ్ళో ఒక పెద్ద యూనివర్సిటీ ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో దానికోసం పోటీపడతారు. అందులో చదవాలని ఆ పిల్ల మూడేళ్ళుగా కలలు కంటోంది. ఈ విషయంలో ఆయనదీ కూతురి కోరికే. కాటాలు బాగుచేసేవాడి కూతురు ఆ గేట్లోంచి లోపలికి నడుస్తుంటే చూడాలని ఆయనకెంత ఆశ ఉందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. భార్యకి మాత్రం తెలుసు.

యూనివర్సిటీ నుంచి ప్రవేశ నిబంధనల పుస్తకం వచ్చింది. పదిహేడు పేజీలు. ఆయన ఎర్ర పెన్సిలు చెక్కుకుని, కళ్ళజోడు తుడుచుకుని, నేరస్థుణ్ణి విచారించేవాడిలా దాని ముందు కూర్చున్నాడు.

"కనీస అర్హత ఎనభై శాతం అని రాశారు. నీకు తొంభై మూడు. అంటే సీటిచ్చేసినట్టేగా?"

"కాదు నాన్నా. ఎనభై ఉంటే అప్లికేషన్ తీసుకుంటారు, అంతవరకే. ఉన్నవి నలభై సీట్లు. పోయినేడు ఆరువేల మంది వేశారు."

"మరి ఎంతొస్తే సీటిస్తారు?"

"అది ముందు చెప్పరు. ఈ ఏడు ఎవరెవరు వేశారో, వాళ్ళకెంతెంత వచ్చాయో చూసి అప్పుడు గీత గీస్తారు. పోయినేడు ఆ గీత తొంభై ఒకటి దగ్గర పడింది. ఈసారి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు."

"అంటే గుమ్మంలో ఒక కొలత, లోపల ఇంకో కొలత. రెండు రకాల రాళ్ళు పెట్టుకున్న కొట్టువాణ్ణి నేనింతవరకూ నమ్మలేదమ్మా."

"వాళ్ళు దాచలేదుగా నాన్నా. కనీసం అన్న మాటకి అర్థమే అది. అంతకంటే తక్కువైతే రావద్దని. ఎక్కువైతే రమ్మని కాదు."

ఆయన 'కనీస' కింద ఎర్రగీత గీశాడు. పదకొండో పేజీకి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. మార్కులొక్కటే చాలవట. రెండేళ్ళు పాఠం చెప్పిన టీచరు ఒక ఉత్తరం రాసివ్వాలి. దాన్ని కవర్లో పెట్టి అతికించి, అతికిన చోట అడ్డంగా సంతకం పెట్టాలి. దాన్ని అలాగే అప్లికేషన్‌తో పంపాలి. తెరిచిన కవరు చెల్లదు, దాంతో వచ్చిన అప్లికేషనూ చెల్లదు.

"నా కూతురి గురించి రాసింది నేను చూడకూడదా?"

"నేనూ చూడకూడదు నాన్నా. మేం చూస్తామంటే ఎవరైనా ఉన్నదున్నట్టు రాస్తారా?"

"ఉన్నదున్నట్టు రాసేవాళ్ళకి దాచుకోవడం దేనికి?"

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. "కోడిగుడ్డుకి ఈకలు పీకడం మానేసి దాన్ని రాసుకోనివ్వండి" అంది భార్య.

ఆయన బాధ ఆయనది. ఆ ఉత్తరం రాయాల్సింది సైన్సు టీచరమ్మ. రెండేళ్ళ కిందట బడి ప్రయోగశాలలో కాటా బాగుచెయ్యడానికి ఈయన్ని పిలిచారు. ఈయన దాన్ని విప్పి చూసి, పిల్లలందరూ ఉండగానే, "ఇది ఎన్నాళ్ళనుంచి తప్పు చూపిస్తోందో! ఇంతకాలం మీ పిల్లలు చేసిన ప్రయోగాలన్నీ దండగేనండీ" అన్నాడు. టీచరమ్మ మొహం ఎర్రబడింది. "మీరు బాగుచెయ్యడానికొచ్చారు, చేసి వెళ్ళండి" అంది. ఆ కోపం ఆవిడ మనసులో ఇంకా ఉందని, సమయం కోసం చూస్తోందని ఆయన గట్టి నమ్మకం. దేన్నీ నమ్మని మనిషి దీన్ని మాత్రం భేషుగ్గా నమ్మాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం అమ్మాయి కవరు తెచ్చి బల్ల మీద కాగితాల పక్కన పెట్టింది. శుక్రవారం లోపు అప్లికేషన్ అక్కడికి చేరాలి. అలా చేరాలంటే ఆ సాయంత్రం ఆరుకి కొరియర్ కౌంటరు మూసేలోగా ఇచ్చెయ్యాలి. సర్టిఫికెట్ల జిరాక్సులు తీయించుకొస్తానని అమ్మాయి మళ్ళీ బయటికెళ్ళింది. కాటాలాయన, కవరు, ఇద్దరే మిగిలారు.

ఆయన వృత్తిలో సీలు సంగతి వేరు. తూనికల ఇన్‌స్పెక్టరు కాటాకి సీసపు సీలు వేస్తాడు. కాటా పాడైతే ఈయన ఆ సీలు తీసి, లోపల చూసి, సరిచేసి, తీశానని కాగితం రాసిస్తాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి మళ్ళీ సీలు వేస్తాడు. సీలు తియ్యడం ఎవరూ తప్పుగా చూడరు. తియ్యకుండానే 'అంతా బాగానే ఉంది' అని చెప్పేవాణ్ణి మాత్రం దొంగంటారు. ముప్పై ఏళ్ళు అలా బతికిన చెయ్యి కవరు పక్కన ఎంతసేపని ఊరుకుంటుంది? ఏ పుట్టలో ఏ పాముందోనని ఒకసారి వెలుగుకి పట్టి చూశాడు, ఏమీ కనబడలేదు. సంచిలోంచి కాటాల్లో మురికి గీకే పలచటి బ్లేడు తీశాడు. సంతకం చెక్కు చెదరకుండా కవరు తెరుచుకుంది. ఆ పనితనానికి లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

ఉత్తరం ఒక్క పేజీయే.

'ఈ అమ్మాయి నా దగ్గర రెండేళ్ళు చదువుకుంది. మార్కులు మీ ముందున్నాయి కనుక వాటి గురించి రాయను. మా ప్రయోగశాల కాటా తప్పని మొదట గమనించింది ఈమే. తన వల్లే పొరపాటు జరుగుతోందేమోనని పదకొండుసార్లు తూచి చూసుకుని, అప్పుడు నా దగ్గరికి వచ్చింది. బాగుచెయ్యడానికి వచ్చిన ఈమె తండ్రి అదే మాట అందరిముందూ అంటే నేను కోప్పడ్డాను. తప్పు నాదే. దేన్నీ ఊరికే నమ్మని ఇంట్లో పెరిగిన పిల్ల. అయినా ఎదుటివాళ్ళ తప్పు పట్టే ముందు తన తప్పు వెతుక్కుంటుంది. ఇలాంటి విద్యార్థి నాకు ఇంతవరకూ దొరకలేదు.'

ఆయన రెండుసార్లు చదివాడు. కాటా తప్పని కూతురు పట్టుకున్న సంగతి ఆయనకి అంతవరకూ తెలీదు. ఆ పిల్ల ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోలేదు. తల కొట్టేసినట్టయింది. ఇంత మంచి ఉత్తరాన్ని చెల్లకుండా చేసింది తన చేతులే.

ఉత్తరం లోపల పెట్టి, జిగురు రాసి, ఊపిరి బిగబట్టి అతికించాడు. సంతకంలో పై సగం, కింది సగం కలిశాయి. ఒక్క చోట మాత్రం వెంట్రుకవాసి తేడా వచ్చింది. భార్యని పిలిచి చూపించాడు. ఆవిడ ముందు నెత్తి బాదుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"నాకేం కనబడట్లేదు. పంపెయ్యండి. ఆరువేల కవర్లలో దీన్నెవరు పట్టి చూస్తారు?"

"నేనైతే చూస్తాను."

"అందరూ మీలాగే ఉంటారా?"

"ఒక్కడుంటే చాలదూ?" అన్నాడు. "నా సీటైతే పంపేద్దునే. ఇది దానిది."

బడి నాలుగింటికి వదులుతారు. ఆయన సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి మూడు కావస్తోంది. టీచరమ్మ స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆయన కవరు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. ఆవిడ చూసింది, కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూసింది. ఆ వెంట్రుకవాసి ఆవిడకి చటుక్కున దొరికింది.

"తెరిచారా?"

"తెరిచానండి."

"ఎందుకు?"

"మీరు చెడ్డగా రాసుంటారని."

"రాసుంటే ఏం చేసేవారు?"

కాటా అయితే లోపల తప్పుంటే సరిచేస్తాడు. ఉత్తరంలో తప్పుంటే ఏం సరిచేస్తాడు? ఇంత దూరం ఆలోచించనే లేదు. "తెలీదండి" అన్నాడు.

టీచరమ్మ ఆ కవరు సొరుగులో పడేసింది. "మళ్ళీ రాస్తాను. కానీ మీ చేతికివ్వను. అమ్మాయిని పంపండి. ఎందుకు మళ్ళీ రాయాల్సొచ్చిందో తనే వచ్చి నాకు చెప్పాలి."

అంటే ముందు తను కూతురికి చెప్పాలి. తిరిగొచ్చేటప్పుడు సైకిలు ఎంత తొక్కినా కదలనట్టే అనిపించింది. అదే రోడ్డు, అదే సైకిలు.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి బల్లంతా తిరగేసి కవరు కోసం వెతుకుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి, సాగదియ్యకుండా చెప్పేశాడు. అమ్మాయి అరుస్తుందనుకున్నాడు. అరిచినా బావుండేది. అది చేతిలోని జిరాక్సులు సరిగ్గా సర్ది, పిన్ను పెట్టి, అప్పుడు తలెత్తింది.

"మేడమ్ చెడ్డగా రాస్తారని తెరిచావా నాన్నా?"

"అవునమ్మా. ఆవిడకి నా మీద కోపముందని..."

"అది కాదు. మంచిగా రాయడానికి నాలో ఏముందో చూద్దామని తెరిచావు. నీకు అనుమానం ఆవిడ మీద కాదు. నా మీద."

తొంభై మూడు వచ్చిందన్న రోజు మార్కుల కాగితం తిప్పి, వెనక వైపు కూడా చూసింది ఆయనే. ఆరువేల మందిలో తన పిల్ల నిలబడదేమోనన్న భయాన్ని టీచరమ్మ కోపమని పేరు పెట్టుకుని మోశాడు ఇన్నాళ్ళూ.

"నేనూ రానా?" అన్నాడు.

"వద్దు" అని కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

భార్య వీధి మలుపు దాకా కూతురి వెంట మాట్లాడుతూ వెళ్ళి వచ్చింది. మిషను మీద పెట్టిన గుడ్డ అలాగే ఉంది. ఐదు దాటింది, ఐదున్నరయింది. ఆయన వీధిలోకి నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. ఆరుంపావుకి అమ్మాయి వచ్చి కొరియర్ రసీదు బల్ల మీద పెట్టింది. ఐదు యాభైకి ఇచ్చినట్టు దాని మీద ముద్ర ఉంది. ఆయన దాని వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత రెండు నెలలు ఆయనకి నిద్ర సరిగ్గా పట్టలేదు. మొదటి ఉత్తరం ఆయనకి నోటికొచ్చు. రెండోదాంట్లో ఏముందో తెలీదు. 'ఈ పిల్ల తండ్రి ఇతరుల కవర్లు తెరిచే రకం' అని రాసుంటుంది. ఎందుకు రాయదు? తనైతే రాసేవాడు. మొదటి జాబితాలో అమ్మాయి పేరు లేకపోయేసరికి ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం ఇన్నాళ్ళూ ఊరివాళ్ళ మీద తిరిగి, ఇప్పుడు ఆయన గుండెల మీదే కూర్చుంది.

ఇరవై రోజులకి రెండో జాబితా వచ్చింది. అందులో ఆరో పేరు అమ్మాయిది. ఈసారి గీత తొంభై రెండున్నర దగ్గర పడిందట. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ కావలించుకుని ఏడ్చారు. ఆయన పెరట్లోకి వెళ్ళి ఎవరికీ కనబడకుండా ఏడ్చాడు.

అమ్మాయి బయల్దేరే రోజు పెట్టెకి తాడు కడుతూ, ఇంక ఉండబట్టలేక అడిగాడు.

"రెండోసారి మేడమ్ ఏం రాశారో నీకు తెలుసా?"

"తెలీదు. అడగలేదు."

"నా గురించేమైనా..."

"నీ గురించి నేను చెప్పాను నాన్నా ఆవిడకి. ఎందుకు మళ్ళీ రాయాలని అడిగారుగా."

ఆయన తాడు వదిలేశాడు. "ఏం చెప్పావు?"

"కవరు తెరిచావని చెప్పాను. మళ్ళీ అతికించావనీ, ఎవరూ పట్టి చూడరు పంపెయ్యమని అమ్మ అన్నా నా పేరు మీద తప్పుడు కవరు పంపలేక నువ్వే వచ్చావనీ చెప్పాను. అమ్మ చెప్పింది నాకు. ఆవిడ వెంటనే కాగితం తీసుకున్నారు."

అడగడానికి ఆయన దగ్గర ఇంకా నాలుగు ప్రశ్నలున్నాయి. ఒక్కటీ అడగలేదు.